యూరిక్ యాసిడ్ ఎక్కువుంటే గుండెకు మాత్ర మింగాల్నా?

అరవై దాటిన అక్కలు కొందరు రక్తపరీక్ష కాగితం చూపించి, "యూరిక్ యాసిడ్ 7 ఉందంట, గుండెజబ్బు వస్తాదా?" అని అడుగుతున్నారు.

ముట్లు ఆగిపోయాక ఆడవాళ్లకు ఇది కొంత పెరుగుతుంది. దీన్ని ఎక్కువగా బయటికి పంపేది మూత్రపిండాలు. మన ఎండల్లో శెనక్కాయ చేన్లో కలుపు తీస్తా, ఒంటికి పోయే మరుగు లేదని నీళ్లు తాగకుండా ఉంటే ఇంకా పెరుగుతుంది. కొన్ని బీపీ మాత్రల వల్ల కూడా పెరుగుతుంది. అట్లని వాటిని సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌ను అడగండి.

ఇది ఎక్కువున్నవాళ్లలో గుండెజబ్బు ఎక్కువ కనబడే మాట నిజమే. మరి తగ్గిస్తే గుండెకు మేలా? బ్రిటన్‌లో గుండెజబ్బు ఉండి, గౌట్ లేని, 60 దాటిన 5,700 మందికి పైగా తీసుకుని, సగం మందికి అల్లోప్యూరినాల్ మాత్ర ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. 2022లో ఫలితం వచ్చింది. గుండెపోటు గానీ, పక్షవాతం గానీ, గుండెజబ్బు చావులు గానీ తగ్గలేదు. కాలి బొటనవేలు వాచి ఎర్రబడి, గౌట్ అని తేలితే మాత్రం ఆ మందు కావాల్సి రావచ్చు.

కాగితం చూసి కొందరు పప్పు మానేస్తున్నారు. మన ముద్దలోకి పప్పు కూడా లేకపోతే బలం ఎక్కడిది? కంది, అలసంద మానాల్సిన పని లేదు. మానాల్సింది షాపులో అడిగి తెచ్చుకుని మోకాళ్ల నొప్పికి రోజూ మింగే డైక్లోఫెనాక్. అది మూత్రపిండాలకూ గుండెకూ చెరుపు.

ఏఎన్ఎమ్మ దగ్గర బీపీ, షుగర్ చూపించుకోండి. యూరిక్ యాసిడ్ ఎక్కువని రాసినవాళ్లు క్రియాటినిన్ పరీక్ష కూడా అడగండి.