ఒకే మీటరు, నాలుగు కుటుంబాలు



హైటెక్ సిటీ అద్దాల మేడలకు కూతవేటు దూరంలో సిద్దిఖ్‌నగర్, అంజయ్యనగర్, మసీదుబండ ఉన్నాయి. ఆ మేడలకు కార్లు నడిపేవారు, కాపలా కాసేవారు, అంతస్తులు తుడిచే తల్లులు ఇటువంటి బస్తీల్లోనే చిన్న వాటాలలో అద్దెకుంటున్నారు. అద్దె పెరిగిందని అందరమూ వాపోతాము. దానితోపాటు వచ్చే కరెంటు లెక్కను మాత్రం ఎవరమూ అడగము.

ఆ లెక్క చూద్దాము. ఒక అంతస్తులో నాలుగు కుటుంబాలు, ఒక్కొక్కటి నెలకు 90 యూనిట్లు వాడుతున్నాయనుకుందాం. 2022-23లో ఖరారైన గృహ టారిఫ్ ప్రకారం, ఎవరి మీటరు వారికుంటే మొదటి 50 యూనిట్లకు రూ.1.95, తక్కిన 40కి రూ.3.10 చొప్పున ఇంటికి రూ.221.50. నలుగురికీ ఒకే మీటరైతే వాడకం 360 యూనిట్లు. 200 దాటినందువల్ల మొదటి యూనిట్ నుంచే రూ.5.10 పడుతుంది; ఆపైన 7.70, తరువాత 9 రూపాయలు. మొత్తం రూ.2,330, ఇంటికి రూ.582.50. ఇతర ఛార్జీలు వేరు. వాడింది అదే దీపం, అదే పంకా!

కొందరు యజమానులు సబ్‌మీటరు బిగించి యూనిట్‌కు పది, పన్నెండు రూపాయలు వసూలు చేస్తారు. గృహ టారిఫ్‌లో 800 యూనిట్లు దాటినవారికి పడే పై ధరే పది రూపాయలు.

ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి, 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు సున్నా బిల్లు ఇస్తుంది. అద్దెవారికీ వర్తిస్తుంది. కానీ ఆహారభద్రత కార్డును సర్వీసు నంబరుతో జతచేయాలి. నలుగురికీ ఒకే నంబరు, అదీ 200 దాటితే, ఒక్కరికీ సున్నా బిల్లు రాదు.

మరి ఎందుకు అడగరు? ముస్లిములకు ఇల్లు అద్దెకు దొరకడమే కష్టమన్న సంగతి 2006 నాటి సచార్ కమిటీ నివేదికలోనే నమోదైంది. నాలుగు గుమ్మాలు తిరిగి, పేరు చెప్పగానే కాదనిపించుకుని, చివరికి ఒక గది సంపాదించినవాడు మీటరు మాట ఎత్తగలడా?

చట్టం మాత్రం అతని పక్షానే ఉంది. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ కనెక్షన్ కోరే హక్కును యజమానితోపాటు ఆ చోట నివసించేవారికీ ఇచ్చింది. అద్దెదారుకు కరెంటు నిరాకరించరాదని 2022లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

ఒక మాట మనవారితోనూ చెప్పాలి. ఆ ఇళ్ళ యజమానుల్లో మనవారూ ఉన్నారు. తూకంలో తగ్గించేవారిని హెచ్చరించే ముతఫ్ఫిఫీన్ సూరాను నమాజులో వింటాము. మీటరు కూడా తూకమే కదా! కనుక మసీదు కమిటీలు ముందుగా తమ మహల్లాలోని ముస్లిం యజమానులతో మాట్లాడాలని, వాటాకొక మీటరు పెట్టించాలని కోరుతున్నాము. అద్దెదారులు ఒప్పందపత్రంలో సర్వీసు నంబరు, యూనిట్ ధర రాయించుకోవాలి. నెలనెలా అసలు బిల్లు చూపమని అడగాలి. అన్యాయం జరిగితే విద్యుత్ సంస్థ 1912 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. అర్జీ రాయడం రానివారు కాగితాలు తీసుకుని మా వద్దకు రండి, రాసిపెడతాము.