వారపు కూటము – సంఘసేవ



మనము ఏటేట నొకమారు కూడి తీర్మానములు గావింతుము. కాని అవసరము మన సభకై వేచియుండదు. నేను ముప్పదియేండ్లు ఉపాధ్యాయుడనై, రుసుము చెల్లింపజాలక బడి మానిన బాలురను జూచితిని. వార్షికసభ వచ్చులోపలనే వారి చదువు ముగిసినది.

ఈ కొఱతకు మందు రోటరీసంఘ చరిత్రమున గలదు. 1905 ఫిబ్రవరి 23వ తేదీన చికాగోలో పాల్ హారిస్ అను న్యాయవాది మువ్వురు మిత్రులతో గూడి దాని నారంభించెను. సభ్యుల కార్యాలయములలో వంతులవారిగా దిరిగి కూడుటచే దానికి ‘రోటరీ’ యను పేరు గలిగెను. తొలుత స్వవ్యాపారలాభమును గోరినవారే పిదప నగరమున ప్రజలకై మరుగుదొడ్లు కట్టింప బూనిరి. 1985లో లోకమునుండి పోలియోను దొలగింప సంకల్పించిరి. ప్రభుత్వములతో గలసి వారు చేసిన కృషికి ఫలముగా 2014లో మనదేశము పోలియోరహితమని ప్రకటితమయ్యెను.

వారమువారము కూడుట వారికి చిరకాలము నియమముగా నుండెను. 2016నుండి అది సడలినను, ఎన్నో శాఖలు దానిని విడువలేదు. అందలి మర్మ మిది: మాట యిచ్చినవాడు ఏడవనాడు తోడివారి మొగము చూడవలెను.

కావున మన ప్రతి గ్రామశాఖయు ఆదివారమున నొక గంట కూడవలెనని నా మనవి. “పోయినవార మేమి పూనితిమి? ఏమి చేసితిమి?” అను రెండు ప్రశ్నలు చాలును. రుసుము లేక వాకిట నిలిచిన బిడ్డను ఏ కులమని యడుగకుందుము గాక!

స్వస్తి.