గంట జాడీలో రెండు బెలూన్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. ఎక్కువ కాలం ఐసీయూలోనే పనిచేశాను. నా వృత్తి గురించి, పరిశోధన గురించి పది నిమిషాలు మాట్లాడమని సంఘం వారు అడిగారు. ఆలోచిస్తే ఆ కథ మన సైన్సు గదిలోనే మొదలైందనిపించింది.

మన సైన్సు మాస్టారు బల్ల మీద పెట్టే గంట జాడీ గుర్తుందా? పైన బిరడాలోంచి దిగిన గాజు గొట్టం, దాని రెండు కొమ్మలకు రెండు బెలూన్లు, అడుగున బిగించి కట్టిన రబ్బరు పొర. పొరను కిందికి లాగితే బెలూన్లు ఉబ్బేవి, వదిలితే ముడుచుకునేవి. "ఎవరైనా ఊదారట్రా?" అని అడిగేవారు మాస్టారు. "లేదండీ!" అని అరిచేవాళ్లం. "మరి గాలెలా వెళ్లింది? లోపల చోటు పెరిగింది, అందుకని వెళ్లింది. మన ఛాతీ కూడా అంతే" అనేవారు.

1928లో అమెరికాలో వచ్చిన ఐరన్ లంగ్ అచ్చంగా ఆ గంట జాడీయే. పోలియోతో ఊపిరాడని మనిషిని తల మాత్రం బయట ఉంచి ఇనుప పెట్టెలో పడుకోబెట్టేవారు. పెట్టెలో ఒత్తిడి తగ్గిస్తే ఛాతీ విచ్చుకునేది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు అలాంటి యంత్రాలు చాలలేదు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతు దగ్గర రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపాడు. వైద్య విద్యార్థులు వంతులేసుకుని రాత్రింబగళ్లు ఆ సంచులు నొక్కారు. ఈనాటి ఐసీయూలకు అదే నాంది.

ఆ పద్ధతి ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. కానీ అక్కడి నుంచి మనం మాస్టారి పాఠానికి ఎదురు నడవడం మొదలుపెట్టాం. చోటివ్వడం పోయి, ఊదడం వచ్చింది. వెంటిలేటర్ చేసే పని అదే.

1990ల చివర నేను శిక్షణలో ఉన్నాను. న్యుమోనియా ముదిరి ఒకావిడ వచ్చింది. పొట్టి మనిషి, 80 కిలోల బరువు. కిలోకు పది మిల్లీలీటర్ల చొప్పున ఒక్కో శ్వాసకు 800 పెట్టాను. అప్పటి పుస్తకాల లెక్క అదే. మానిటర్ మీద ఆక్సిజన్ అంకె పెరిగితే సంబరపడ్డాను. మూడో రోజు ఊపిరితిత్తి చిట్లి ఛాతీలో గాలి చేరింది. ట్యూబు వేశాం. అయిదో రోజు ఆవిడ పోయింది. "మిషను మీద పెడితే నిలబడుతుందన్నారు గదండీ" అన్నాడు కొడుకు. ఆవిడ జబ్బుతో పోయిందో, నా లెక్కతో పోయిందో ఈనాటికీ చెప్పలేను.

2000లో అమెరికాలో 861 మంది మీద చేసిన అధ్యయనం వెలువడింది. కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి ఇచ్చినవారిలో 39.8 శాతం మంది చనిపోతే, ఆరు ఇచ్చినవారిలో 31 శాతం మంది చనిపోయారు. కొత్త మందేమీ లేదు, గాలి తగ్గించారంతే. కారణం ఇది. ఆ జబ్బులో వాయుగోణులు చాలావరకు నీటితో నిండిపోతాయి. గాలి ఆడే భాగం చిన్న పిల్లల ఊపిరితిత్తులంతే మిగులుతుంది. పెద్దవాళ్లకని పంపిన గాలంతా ఆ కాస్త చోటులోకే దూరి దాన్ని చింపుతుంది.

ఇంకో సంగతి, ఆ కిలోలు తూకం మీద చూసేవి కావు, ఎత్తును బట్టి కట్టేవి. ఒళ్లు చేస్తే ఊపిరితిత్తులు పెరగవు. 150 సెంటీమీటర్ల స్త్రీకి లెక్క 43 కిలోలు, శ్వాసకు 260 మిల్లీలీటర్లు. ఆవిడ ఇంచుమించు అంతే ఎత్తు. నేనిచ్చింది దానికి మూడింతలు.

ఇంత తెలిశాక అందరూ పాటిస్తున్నారనుకుంటాం. 50 దేశాల్లోని 459 ఐసీయూలను చూసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిది లేదా అంతకన్నా తక్కువ ఇచ్చింది మూడింట రెండు వంతుల మందికి కూడా కాదని తేలింది. కోవిడ్ రోజుల్లో మీరంతా విన్న బోర్లా పడుకోబెట్టడం కూడా అంతే. దాని మేలు 2013లోనే రుజువైంది. మహమ్మారి వచ్చేదాకా చాలాచోట్ల పక్కనే ఉండిపోయింది.

నా పరిశోధన అంతా ఈ ఎడం గురించే. తెలిసిన మంచి పని మంచం దాకా ఎందుకు రాదు? వెతికితే కారణాలు చిన్నవి. పడుకున్న రోగి ఎత్తు ఎవరూ కొలవరు. చూసి ఉజ్జాయింపుగా రాస్తారు. అర్ధరాత్రి అలారం మోగితే భయపడిన జూనియర్ గాలి పెంచుతాడు. అందుకే మా వార్డులో ప్రతి మంచానికీ టేపు కట్టించాను. రోగి వచ్చిన గంటలో తల నుంచి మడమ దాకా కొలిచి, ఇవ్వాల్సిన గాలి ఎంతో వెంటిలేటర్ మీద అంటిస్తారు. ఆ పని నర్సులది. అంకె దాటితే నన్నయినా ఆపే హక్కు వారికుంది, ఆపారు కూడా.

ఈ స్వర్ణోత్సవ నిధితో తరగతి గదులకు డిజిటల్ బోర్డులు పెడతారని విన్నాను. సంతోషం. దాంతోపాటు సైన్సు గదికి గంట జాడీలు కూడా కొనండి, ఖర్చు నాది. పిల్లలకు దూరం నుంచి చూపించి బీరువాలో పెట్టకండి. రబ్బరు పొరను ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ తన చేత్తో లాగి చూడాలి.

మాస్టారూ, మీ పాఠం నాకు పరీక్షలో వచ్చింది కానీ, అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆలస్యానికి మన్నించండి.