మందుచీటియు ధర్మాసనమును
(ఒక సభలో చేసిన ప్రసంగ పాఠము)

నేటి ప్రసంగ విషయము న్యాయశాస్త్రమునకు సంబంధించినదే యైనను, న్యాయవాదులకు మాత్రమే విడువదగినది కాదు. మహమ్మారి వచ్చినపుడు ఏ మందు వాడవలెను, టీకా యెవరికి ముందు వేయవలెను, ఏ రాష్ట్రమునకు ఎంత ఆక్సిజను పంపవలెను? ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలసినవారెవరు? వైద్యులా, ప్రభుత్వమా, న్యాయమూర్తులా? 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ మన యిండ్లనుండి మనుష్యులను ఎత్తుకొనిపోవుచున్న దినములలో ఈ ప్రశ్న న్యాయస్థానముల ద్వారములను తట్టినది. అప్పుడు వచ్చిన సమాధానములను నేడు నిదానించి పరిశీలించుట మన విధి. మరల మహమ్మారి రాదని మనకెవరును హామీ యీయలేదు గదా!

మా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. ధర్మాసనము మందుచీటి వ్రాయరాదు. కాని చీటి వ్రాసినవానిని కారణమడుగుటకు దానికి అధికారము కలదు. అడుగుట దాని ధర్మము. న్యాయస్థానములు చూపు నిగ్రహము ప్రభుత్వమునకు పుట్టుకతో వచ్చిన హక్కు కాదు. తన కారణములను ప్రజల యెదుట విప్పి చూపి సంపాదించుకొనవలసిన గౌరవమది.

మొదట నిగ్రహమెందులకో చూతము. 2021 ఆగస్టులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, బట్లరు కౌంటీలో, ఒక రోగి భార్య న్యాయస్థానము నాశ్రయించెను. తన భర్తకు ఐవర్‌మెక్టిన్ అను మందు ఈయుటకు ఆసుపత్రివారు నిరాకరించుచున్నారని ఆమె మొర. ఆ యిల్లాలి వేదనను కాదనగలవారెవరు? న్యాయమూర్తి ఆ మందు ఈయవలసినదని ఉత్తర్వు చేసెను. రెండు వారములు గడచునప్పటికి, అదే న్యాయస్థానమున మరియొక న్యాయమూర్తి, న్యాయమూర్తులు వైద్యులు కారని చెప్పి, ఆ యుత్తర్వును పొడిగించుటకు నిరాకరించెను. 2022లో ప్రకటింపబడిన పెద్ద పరిశోధనలో ఆ మందువలన కోవిడ్ రోగులు ఆసుపత్రిపాలగుట తగ్గినట్లు తేలలేదు. ఇట్టి వ్యాజ్యముననే విస్కాన్సిన్ రాష్ట్రపు సుప్రీంకోర్టు 2023లో క్రింది న్యాయస్థానమును తప్పుపట్టెను. ఏ చట్టము నాధారము చేసికొని అట్టి యాజ్ఞ ఈయబడినదో క్రింది న్యాయస్థానము చెప్పనేలేదని దాని యాక్షేపణ.

మన దేశమున ప్లాస్మా చికిత్స సంగతి మీరెరుగుదురు. దాతలకొరకు బంధువులు రాత్రింబవళ్లు తిరిగిరి. భారత వైద్య పరిశోధనా మండలి 39 ఆసుపత్రులలో 464 మంది రోగులపై పరీక్ష జరిపి, ఆ చికిత్స రోగము ముదురుటను గాని మరణమును గాని తగ్గింపలేదని కనుగొని 2020లో ప్రకటించెను. 2021 మే 17వ తేదీన దానిని చికిత్సా సూత్రములనుండి తొలగించిరి. ఒకవేళ నడుమ ఏ న్యాయస్థానమైనను ప్లాస్మాను ప్రతి రోగికి ఈయవలసినదే యని శాసించియుండినచో ఏమగును? తన తప్పును తాను దిద్దుకొనుట వైద్యశాస్త్రమునకు నింద కాదు, ప్రాణము. డిక్రీని దిద్దుటకు మాత్రము అప్పీలు వలయును. అప్పీలు తేలువరకు రోగి వేచియుండజాలడు.

నిగ్రహమునకు రెండవ కారణము శక్యాశక్య వివేచన. 2021 మే 17వ తేదీననే అలహాబాదు హైకోర్టు, ఉత్తరప్రదేశమున పల్లెల దుస్థితిని చూచి చలించి, ప్రతి గ్రామమునకు కనీసము రెండేసి అంబులెన్సులు ఒక నెలలో సమకూర్చవలసినదని చెప్పెను. ఆ రాష్ట్రమున గ్రామములు 97 వేలు! నాలుగు దినములకు సుప్రీంకోర్టు ఆ యాజ్ఞలను నిలిపివేసి, ఆచరణసాధ్యము కాని యాదేశముల నీయరాదని హైకోర్టులకు సూచించెను. హైకోర్టు ఆవేదన న్యాయమైనదే. కాని ఆవేదనకు ఆజ్ఞారూపము నిచ్చినంతమాత్రమున అంబులెన్సులు పుట్టవు. నెరవేరని యాజ్ఞలవలన న్యాయస్థానము మాటకే విలువ తగ్గును.

ఇంతవరకు విని, అట్లయినచో న్యాయస్థానములు తలుపులు మూసికొని కూర్చుండవలెనా యని మీరడుగవచ్చును. కూర్చుండరాదు. ఆ మే నెలలోనే ఆంధ్రప్రదేశ్ నుండి హైదరాబాదు ఆసుపత్రులకు పోవు అంబులెన్సులను తెలంగాణ సరిహద్దున పోలీసులు నిలిపివేసిరి. ముందుగా పడక కుదుర్చుకొని అనుమతి పొందినవారినే రానిత్తుమనిరి. కర్నూలు దాటిన పిదప పుల్లూరు టోల్‌గేటువద్ద ఊపిరాడని రోగులు దారి విడుతురా యని ఎదురుచూచిరి. మే 14వ తేదీన తెలంగాణ హైకోర్టు ఆ నిబంధనను నిలిపివేసెను. ఇది వైద్యమున జోక్యమా? ఎంతమాత్రమును కాదు. ఏ మందీయవలెనో హైకోర్టు చెప్పలేదు. వైద్యునికడకు పోవు దారి మూయరాదని మాత్రమే చెప్పెను.

టీకాల సంగతియు నట్టిదే. 2021 మే 1వ తేదీనుండి నడచిన విధానమున, 45 సంవత్సరములు దాటినవారికి కేంద్రము ఉచితముగా టీకా నిచ్చెను; 18 మొదలు 44 వరకు వయస్సుగలవారి భారము రాష్ట్రములమీదను, ప్రైవేటు ఆసుపత్రులకు సొమ్ము చెల్లింపగలవారిమీదను పడెను. న్యాయస్థానముల అత్యుత్సాహము అనర్థములకు దారితీయునని కేంద్రము వాదించెను. సుప్రీంకోర్టు మే 31వ తేదీనాటి యుత్తర్వులో, విధానమును తాను నిర్ణయింపబోననియు, పౌరుల హక్కులకు భంగము కలుగునపుడు మౌనము వహింపజాలననియు చెప్పి, ఆ విధానము పైచూపునకు అహేతుకముగా కన్పట్టుచున్నదని, దానికి సంబంధించిన కాగితములను, లెక్కలను దాఖలు చేయుడని కోరెను. ఒక వారమునకు, జూన్ 7వ తేదీన, 18 దాటినవారందరికి రాష్ట్రములద్వారా ఉచితముగా ఇచ్చుటకు కేంద్రమే టీకాలు కొనునని ప్రధానమంత్రి ప్రకటించిరి. ప్రశ్నవలననే విధానము మారినదని మేమనము. ప్రశ్న వేయుటవలన దేశమునకు నష్టము కలుగలేదని మాత్రము అనుచున్నాము.

ఈ మేర నేటిది కాదు. 1900 సంవత్సరమున శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ప్లేగు పొడసూపగా, మన బొంబాయిలో హాఫ్‌కిన్ సిద్ధపరచిన టీకాను వేయించుకొననిదే చీనావారు నగరము విడిచిపోరాదని అధికారులు శాసించిరి. ఒక జాతిని వేరుచేసి పెట్టిన ఆ కట్టుబాటును అక్కడి ఫెడరల్ న్యాయస్థానము కొట్టివేసెను. 1905లో మసాచుసెట్సు రాష్ట్రమున మశూచి టీకా వేయించుకొననివానికి విధించిన ఐదు డాలర్ల జుల్మానాను అమెరికా సుప్రీంకోర్టు సమర్థించెను. అది అందరికి సమానమైన కట్టుబాటు. అయినను అవసరమునకు మించి నిరంకుశముగా ప్రవర్తించినచో న్యాయస్థానము అడ్డుకొనవచ్చునని ఆ తీర్పుననే హెచ్చరించిరి.

మన సుప్రీంకోర్టు 2022 మే 2వ తేదీన ఈ మేరనే స్పష్టపరచినది. ఆ ధర్మాసనమున మన తెలుగువారైన జస్టిస్ లావు నాగేశ్వరరావుగారును, జస్టిస్ గవాయ్‌గారును ఉండిరి. నిపుణుల మాటపై ఏర్పడిన టీకా విధానము అహేతుకము కాదనియు, శాస్త్రజ్ఞుల తగవులకు తాము తీర్పరులము కామనియు వారనిరి. ఆ నోటితోనే, ఎవనికిని బలవంతముగా టీకా వేయరాదనియు, టీకా లేనివారిపై రాష్ట్రములు విధించిన నిర్బంధములు నాటి పరిస్థితులకు మించినవనియు, టీకావలన కలిగిన దుష్ఫలితముల వివరములను ప్రజలకు తెలియజేయవలెననియు శాసించిరి. నిగ్రహమును, ప్రశ్నయు ఒక్క తీర్పున ఇమిడినవి.

కావున సభాసదులారా, పాలకులతో మనము చెప్పవలసిన మాట యొకటి కలదు. నిపుణుల సలహా యని మీరు చెప్పునపుడు ఆ సలహాను ప్రకటింపుడు. నిపుణుల నడుమ భేదాభిప్రాయమున్నచో దానిని దాచకుడు. మారిన విధానమునకు మారిన కారణము చెప్పుడు. అట్లు చేసినచో ఏ న్యాయమూర్తియు మీ పని తన చేతులలోనికి తీసికొన నక్కరలేదు. న్యాయమూర్తులతో చెప్పవలసినదియు నొకటి కలదు: చికిత్సను వైద్యులకు విడువుడు, కాని మూసిన దారిని తెరపింపుడు, దాచిన కాగితమును తెప్పింపుడు.

రోగికి కావలసినది ఇరువురి పౌరుషము కాదు. వానికి వైద్యుని జ్ఞానము నిరాటంకముగా అందవలెను; ఆ జ్ఞానము పేరిట వానికి అన్యాయము జరుగరాదు. ఈ రెండింటిని కాపాడు దేశమే స్వతంత్ర దేశమనిపించుకొనును.