ఆకాశంలో అద్దె బేరం



1975 ఆగస్టులో అమెరికా ఎరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలు విద్యా కార్యక్రమాలను వీక్షించాయి. ఏడాది గడువు తీరగానే ఆ ఉపగ్రహం వెనుదిరిగింది, ప్రసారాలు నిలిచిపోయాయి. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలన్నది ఇందుకే. 1976లోనే ఇండోనేషియా ‘పలాపా’తో తన దీవులను కలుపుకొన్నది. 1983లో ఇన్‌శాట్-1బి మనకు సొంత వాహికయైనది.

ఆనాడు ఉపగ్రహం ప్రభుత్వాల బాధ్యత. 1990లో ఆసియాశాట్-1 రాకతో అది వ్యాపార వస్తువైనది. కక్ష్య తప్పగా, 1984లో అమెరికా వ్యోమనౌక కిందికి తెచ్చిన ఉపగ్రహాన్నే బాగుచేసి, చైనా రాకెట్‌పై తిరిగి పంపారు. మరుసటి ఏడాది స్టార్ టీవీ దానిపైనే ప్రారంభమైనది. ట్రాన్స్‌పాండర్లను చానెళ్లకు అద్దెకిచ్చే వర్తకం ఆసియా అంతటా వర్ధిల్లినది.

నేడు ప్రేక్షకుడు ఇంటర్నెట్ వైపు మరలుతున్నాడు. ఆ అద్దె రాబడి సన్నగిల్లుతున్నది. 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచే ఉపగ్రహాలకు పోటీగా, భూమికి చేరువలో వందలు, వేలుగా చిన్న ఉపగ్రహాలు పరిభ్రమిస్తున్నాయి. వన్‌వెబ్ సంస్థవి 72 ఉపగ్రహాలు 2022, 2023 సంవత్సరాలలో మన శ్రీహరికోట నుండే ఎగిరాయి.

పోటీ వలన వెల తగ్గవచ్చును. కాని లాభం రాని కొండపల్లె బడికి సంకేతం అందించేదెవరు? పొరుగు దేశాల కోసం 2017లో మనం పంపిన దక్షిణాసియా ఉపగ్రహం ఒక సమాధానం. వర్తకం మారవచ్చును, ఆ బాధ్యత మారరాదు. ఎరువు తెర మరల ఆరిపోరాదు.