వస్తువా, పరిష్కారమా?

వరిచేలపై మందు చల్లు డ్రోను ఒక వస్తువు. తెగులును గుర్తించి, మోతాదు నిర్ణయించి, నడుపువానితో సహా సకాలమున చేనికి వచ్చు సేవ పరిష్కారము. ఈ భేదమును గ్రహించుట కొనుగోలుదారునకు అత్యావశ్యకము.

నిదర్శనము వినుడు. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున వేరుసెనగ రైతులకు కావలసినది ఏనాడు విత్తవలెనను నిశ్చయము. వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, సాఫ్ట్‌వేర్ సంస్థ మైక్రోసాఫ్ట్ కలిసి పూర్వ సంవత్సరముల వర్షపాతమును, నేలలోని తేమను గణించి, విత్తుటకు అనువైన దినమును తెలుగున సంక్షిప్త సందేశముగా, రైతుచేతనున్న సాధారణ ఫోనుకే పంపినవి. రైతు క్రొత్తగా కొనినది లేదు. పొలమున పరికరమేదియు అమర్చలేదు. అయినను వలసిన సలహా సకాలమున అందెను.

కావున అమ్మవచ్చినవారిని మూడు ప్రశ్నలు అడుగుడు. ఇది నా ఏ కష్టమును తీర్చును? దీనిని నాకు నేర్పువారెవరు? చెడినచో బాగుచేయ వచ్చువారెవరు? ఈ మూటికిని స్పష్టమైన సమాధానము లభించినచో అది పరిష్కారము. లభింపనిచో, ఎంత ఆకర్షణీయమైనను, అది వట్టి వస్తువే. ముందు మీ కష్టమును చెప్పుడు, పిమ్మటనే ధర అడుగుడు.