మామూలు



ఫిలింనగర్‌లో సభ గనుక సినిమాతోనే ప్రారంభిస్తాను. 2003లో ‘ఠాగూర్’ విడుదలైనప్పుడు, లంచగొండి అధికారులను కథానాయకుడు ఎత్తుకుపోతుంటే హాలు చప్పట్లతో మారుమ్రోగింది. నేనూ కొట్టాను. నా పక్కన కూర్చున్న మా కార్యాలయ సిబ్బందీ కొట్టారు. మరునాడు ఉదయం మా బల్లల వద్ద అంతా యథాప్రకారమే!

తెరమీది లంచగొండి క్రూరుడు. కార్యాలయంలో అతడు మర్యాదస్తుడు. మీ దరఖాస్తును తిరస్కరించడు. తిరస్కరిస్తే కారణం వ్రాసి సంతకం చేయాలి, మీరు అప్పీలుకు వెళ్ళగలరు. అందుచేత ఫైలును కట్ట అడుగున ఉంచుతాడు. ఆలస్యానికి సంతకం ఉండదు. అక్కడ అమ్ముడుపోయే సరకు ఆ ఆలస్యమే. దానిని ఎవరూ లంచమని, రిష్వత్ అని అనరు. ‘మామూలు’ అంటారు.

ఉద్యోగకాలంలో నేను పుచ్చుకోలేదు. కాని నోరు విప్పలేదు కూడా. షాదీ ముబారక్ పథకం 2014లో 51,000 రూపాయలతో మొదలైంది (ఇప్పుడది 1,00,116). ఆ తొలి రోజులలో ఒక తల్లి మా కార్యాలయం చుట్టూ ఎన్నోసార్లు తిరిగింది. చివరికి కొంగుముడి విప్పి పక్క బల్ల మీద నోట్లు పెట్టింది. నేను రిజిస్టరులోకి తల దించుకున్నాను. పోతూ పోతూ ఆమె, పుచ్చుకున్నవాని పిల్లలకు దువా చేసి వెళ్ళింది. తనకు హక్కుగా రావలసిన దానిని అతని దయ అనుకున్నది. ఆ దువా నన్ను నేటికీ నిద్రపోనివ్వదు.

అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజులలో ఫిర్యాదు చేస్తే నేరం కాదు. వినడానికి బాగుంది. కాని ఆమె చెక్కు ఇంకా ఆ కార్యాలయం నుంచే రావాలి గదా! మరొక వంక, పై అధికారి తన హోదాలో తీసుకున్న నిర్ణయంపై విచారణ జరపాలంటే 17ఏ సెక్షను కింద ముందస్తు అనుమతి కావాలి. డబ్బు పుచ్చుకుంటూ అక్కడికక్కడే పట్టుబడితే ఆ అనుమతి అక్కరలేదు. కనుకనే వలలో పడేది చాలావరకు చేయి చాపిన చిన్న ఉద్యోగే. 2020 జూన్‌లో మన షేక్‌పేట మండల రెవెన్యూ ఇన్‌స్పెక్టరును, బంజారాహిల్స్ భూమి విషయంలో 15 లక్షలు తీసుకుంటుండగా పట్టుకున్నామని ఏసీబీ ప్రకటించింది. లక్షల వ్యవహారమైతే ఫిర్యాదు చేసే స్తోమత గలవారుంటారు. జూబ్లీహిల్స్ దిగువ బస్తీలలో అయిదు వందలు పోయినవారు ఏసీబీ గడప ఎక్కుతారా?

ఆలస్యానికి సంతకం లేదన్నాను. దానిని పుట్టించే సాధనం సమాచార హక్కు చట్టం. “నా దరఖాస్తు ఏ తేదీన ఎవరి వద్దకు వెళ్ళింది, ఎన్ని రోజులు ఆగింది?” అని పది రూపాయలకు మించని రుసుముతో అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. ముప్పై రోజులలో జవాబివ్వాలి. ఆ ప్రశ్న అందిన పూటే ఫైలు కట్ట పైకి రావడం నేను కళ్ళారా చూశాను. ఏసీబీ ఫోను నంబరు 1064. కాని ఒక్కరుగా వెళ్ళవద్దు, పదిమంది దరఖాస్తులు ఒకే రోజున పెట్టండి.

సభ ముగిశాక నేను ఇక్కడే ఉంటాను. ఆగిపోయిన దరఖాస్తుల రసీదులు తెచ్చుకున్నవారు ముందుకు రండి. కాగితాలు, కలం నావద్ద ఉన్నాయి.